ఊ కొడితేనే చెప్పే చిలుక

కథ చెబుతాను గానీ ముందే అంటున్నా, మధ్యలో ఊ కొట్టడం మానేస్తే నేనూ మానేస్తా. చేతులు ఖాళీగా పెట్టుకోకండి, ఆ చింతపండులో గింజలు తీస్తూ వినండి. ఒరేయ్, తియ్యమన్నాను గానీ తినమనలేదు!

అనగనగా మొగలిపురి అని ఒక రాజ్యం. దానికో రాజు, ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కనకసేనుడు, నడిమివాడు వీరసేనుడు, చిన్నవాడు మిత్రసేనుడు. వాళ్లు చిన్నపిల్లలుగా ఉండగానే రాజు కాలం చేశాడు. కొలువులో పింగళాక్షుడని ఒక మాంత్రికుడు ఉండేవాడు. "పిల్లలు పెరిగేదాకా గద్దె నేను చూసుకుంటాను తల్లీ" అని రాణిగారికి మాటిచ్చి ఎక్కి కూర్చున్నాడు. పిల్లలు పెరిగారు, మీసాలొచ్చాయి. వాడు దిగితేనా! రాణిగారు ఒకనాడు ఏటి రేవులో వాణ్ని నిలేసి, "నా బిడ్డల రాజ్యం నా బిడ్డలకి ఎప్పుడిస్తావు?" అని అడిగింది. వాడు గుప్పెడు విభూది చల్లాడు. నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే రాయైపోయింది. "నేను గద్దె మీద ఉన్నన్నాళ్లూ నీ గతి ఇంతే" అని నవ్వుకుంటూ పోయాడు.

మొగలిపురిలో ఒక పాత కట్టుబాటు ఉంది. తప్పు చేస్తే రాజునైనా దింపొచ్చు. ఎవరైనా కోట ముందు నగారా కొట్టి ఫిర్యాదు చెప్పాలి. నలభై రోజులు పోయాక ముగ్గురు పెద్దలు తీర్పు చెబుతారు. గొర్రెల కాపరుల పెద్ద బీరన్న, పడవల వాళ్ల పెద్ద నూకాలు, నేతగాళ్ల పెద్ద సాంబయ్య. రాజు ఉండాలంటే కుండలో గవ్వ వేస్తారు, దిగాలంటే నల్లరాయి వేస్తారు. ఆ నలభై రోజులూ ఫిర్యాది రేవు పక్కన పాకలో ఒక్కడే ఉండాలి. ఒక్క మనిషితో ఒక్క మాట ఆడకూడదు. ఆడితే తీర్పరుల మనసు తిప్పేస్తాడని వెనకటివాళ్ల భయం. మరి రాజో? రాజు ఏం చెయ్యకూడదో వాళ్లు చెప్పలేదు. "తీర్పరులు లంచం పుచ్చుకోరాదు" అని ఒక్క ముక్క అని ఊరుకున్నారు. అందరూ తమలాంటి వాళ్లే అనుకున్నారు, పిచ్చి మారాజులు.

ముగ్గురం కలిసి నగారా కొడదాం అనుకున్నారు అన్నదమ్ములు. తెల్లారేసరికి కోట నుంచి పెద్దవాడికి గుర్రం వచ్చింది. "నాకు కాస్త పనుందిరా తమ్ముడూ" అన్నాడు. నడిమివాడికి మామిడితోట వచ్చింది. వాడికీ పనుంది. చిన్నవాడికి బంగారు పిడి కత్తి వచ్చింది. వాడు దాన్ని తిప్పి పంపేసి, ఒంటరిగా వెళ్లి నగారా కొట్టాడు. పేరుకి మిత్రసేనుడే గానీ వెనక ఒక్క మిత్రుడు లేడు.

పాకలో చేరాడు. రోజూ ఒకామె కూటి ముంత గట్టు మీద పెట్టి, మొహం చూడకుండా వెళ్లిపోయేది. పిల్లలు ఆ దారిన రావాలంటే పరుగెత్తేవాళ్లు. మొదటి రోజు ఓర్చుకున్నాడు, రెండో రోజు ఓర్చుకున్నాడు, మూడో రోజు తన గొంతు ఉందో లేదో అని దగ్గి చూసుకున్నాడు. అంత దిగులు పట్టుకుంది. రాయైన అమ్మ పక్కనే కూర్చుని, చిన్నప్పుడు ఆమె చెప్పిన కథలే ఆమెకి చెప్పడం మొదలుపెట్టాడు. అప్పుడు అమ్మ చెబితే వాడు ఊ కొట్టేవాడు. ఇప్పుడు వాడు చెబుతున్నాడు, ఊ కొట్టే దిక్కు లేదు. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి, ఆమె మొహంలోకి చూసి, మళ్లీ చెప్పేవాడు.

నాలుగో రోజు కథ మధ్యలో, "ఊ" అని వినపడింది.

ఉలిక్కిపడి చూస్తే రాయి పాదాల దగ్గర ఓ కప్ప. "ఆపావేం అబ్బాయీ? ఆ ముసలిది గుమ్మడికాయలో దూరింది, తర్వాత?" అంది. మనుషులతో మాట్లాడకూడదన్నారు గానీ కప్పతో కూడదని ఎవరన్నారు? వాడికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. తన ముంతలో మెతుకులు తీసి దాని ముందు పెట్టాడు. ఆనాటి నుంచి ఇద్దరూ ఒకటే.

ఇరవయ్యో రోజు దాటలేదు, రేవు దారిన కోట బళ్లు వెళ్లాయి. మొదటి నాడు బీరన్న ఇంటికి మూడు వందల గొర్రెలు. రెండో నాడు సాంబయ్య ఇంటికి నూలు బేళ్లు, నేతపేట మొత్తానికి సరిపడా విందు సరుకు. మూడో నాడు ఏటి మీద కొత్త పడవలు, ముందు పడవలో పింగళాక్షుడు. కప్ప గట్టు కింద కూర్చుని విని వచ్చి చెప్పింది.

"నూకాలూ, వచ్చే దసరాకి మీవాళ్లు మళ్లీ పెద్దని ఎన్నుకుంటారు కదా. ఈ పడవలు నీ చేత్తోనే పంచు, నీ పెద్దరికం నిలబడుతుంది" అన్నాడట వాడు.

"మరి, తీర్పు..." అని నసిగిందట నూకాలు.

"రామ రామ! తీర్పు గురించి నేను నోరెత్తానా? పని చెప్పి ఇస్తే అది లంచం. నేనేం పని చెప్పాను? నా ప్రజలకి నేను పెట్టుకుంటున్నాను."

మిత్రసేనుడికి ఒళ్లు మండిపోయింది. "అడగక్కర్లేకుండా ఇచ్చాడే! ఇది లంచం కాకపోతే మరేమిటి?" అన్నాడు.

"వాడి మనసులో ఏముందో నీకెలా తెలుసు? నాకు మెతుకులు పెట్టావు, అదీ లంచమేనా?" అంది కప్ప. దానికీ నోరెక్కువే.

"నువ్వు నాకు తీర్పు చెప్పేదానివి కాదుగా" అన్నాడు వాడు. కప్ప ఆలోచించి, "ఊ" అంది.

అప్పుడు రేవులో తాబేలొకటి తల పైకెత్తింది. "వాడి మనసు వాడి దగ్గర లేదు నాయనా. ఏడు సముద్రాల అవతల పగడాల దీవిలో ఒక చిలుకలో దాచాడు. పైకి ఒకటి అంటాడు, లోపలిది ఆ చిలుకలోకి పోతుంది. వాడి ప్రాణమూ అందులోనే ఉంది. రమ్మంటే తీసుకెళతాను" అంది. ఏం, ఊరికే తీసుకెళ్లిందా? ఏడాదిగా దాని మెడకి చుట్టుకున్న వల తాడుని మిత్రసేనుడు విప్పాడు, చేతులు చీరుకుపోయినా విప్పాడు. పాకలో కూటి ముంత చుట్టూ తిరిగే ఎలుక కూడా, "నేనూ వస్తా, నా పళ్లు పనికొస్తాయి" అని చంకనెక్కింది.

పాకలో ఉండమన్నారు గానీ ఏట్లోకి దిగొద్దని ఎవరన్నారు? తాబేలు మీద బయల్దేరారు. ఉప్పు సముద్రం దాటారు, చెరుకుపాల సముద్రం దాటారు, కల్లు సముద్రం దాటారు, అక్కడ ఎలుక తూలి పడబోయింది. నేతి సముద్రం, పెరుగు సముద్రం, పాల సముద్రం, మంచినీళ్ల సముద్రం దాటారు. చుట్టూ నీళ్లే. ఇక్కడ తాను మునిగిపోయినా ఊళ్లో ఎవరికీ తెలియదు కదా అని మిత్రసేనుడు తాబేలు డిప్ప గట్టిగా పట్టుకునేవాడు.

పగడాల దీవిలో ఒక మేడ. మేడలో పగడమ్మ అని ఒక పిల్ల. ఆ దీవి రాజు కూతురే. పింగళాక్షుడు దీవిలో అందరినీ తరిమేసి, చిలుకకి జామపళ్లు పెట్టడానికి ఆమె ఒక్కదాన్నే ఉంచాడు. పన్నెండేళ్లైంది మనిషి మొహం చూసి. మిత్రసేనుణ్ని చూడగానే పరుగెత్తుకొచ్చింది.

"ఎవరయ్యా మీరు? ఏ ఊరు? నిజంగా మనిషేనా? ఒక్క మాట మాట్లాడండి!" అంది.

వాడేం మాట్లాడతాడు? నలభై రోజులు కాలేదే! నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. వాడికీ ఆగలేదు. కప్పని ఎదురుగా కూర్చోబెట్టి, దాని మొహం చూస్తూ, "విను కప్పా, మాది మొగలిపురి" అని అమ్మ రాయైన దగ్గర్నుంచి అంతా చెప్పుకొచ్చాడు. కప్ప ఊ కొడుతోంది. వెనకాల నిలబడి ఆమె అంతా విన్నది.

"చిలుక మాట్లాడుతుంది. కానీ ఎవరి గురించిన మాటైతే వాళ్లు ఊ కొడితేనే చెబుతుంది. చెప్పిన కొద్దీ వాడి ప్రాణం పోతుంది" అంది పగడమ్మ.

ఎలుక పంజరం తాళ్లు కొరికేసి, "ఇంత తతంగమెందుకు? మెడ నులిమెయ్! ఈ క్షణమే మీ అమ్మ లేచి కూర్చుంటుంది" అంది.

చిలుకని చేతిలోకి తీసుకున్నాడు. గుప్పిట్లో దాని గుండె టపటపలాడుతోంది. ఒక్క నులుము చాలు, అమ్మ వచ్చేస్తుంది. అమ్మ కావాలి వాడికి. "తీర్పుకిచ్చిన మనిషిని తీర్పు కాకముందే చంపితే వాడికీ నాకూ తేడా ఏముంది? పడవలు అక్కడే ఉంటాయి, గొర్రెలు అక్కడే ఉంటాయి. రేపు ఇంకొకడొచ్చి అలాగే పంచుతాడు" అనుకుని గుప్పిట వదులు చేశాడు. వదులు చేసి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

పగడమ్మని కూడా తాబేలు మీద ఎక్కించుకుని నలభయ్యో రోజుకి రేవు చేరారు. ఊరంతా కోట ముందు ఉంది. ముగ్గురు పెద్దలు గద్దె కింద కూర్చున్నారు, ముగ్గురి చేతుల్లోనూ గవ్వలే. భుజాన చిలుకతో మిత్రసేనుణ్ని చూడగానే పింగళాక్షుడి మొహం మాడిపోయింది. పగడమ్మ ముందుకొచ్చి చిలుక సంగతీ ఊ సంగతీ అందరికీ చెప్పేసింది. అయినా వాడు గట్టివాడు.

"ఆగండి! ఫిర్యాది నియమం తప్పాడు. ఆ పిల్లతో మాట్లాడాడు, లేకపోతే వెంట ఎందుకొస్తుంది? ఫిర్యాదు కొట్టెయ్యండి!" అని అరిచాడు.

"నాతోనే చెప్పావు కదా, ఆ మాట అను" అని మిత్రసేనుడి తలపాగాలోంచి కప్ప గొణిగింది.

మిత్రసేనుడు రాయైన అమ్మ ఉన్న వైపు ఒకసారి చూశాడు. "కప్పకే చెప్పాను. కానీ ఆమె వినాలనే చెప్పాను. నా మనసులో ఉన్నది ఆమే. పేరు పెట్టి పిలవనంత మాత్రాన తప్పు ఒప్పైపోదు. నాది తప్పే" అన్నాడు.

నూకాలు చేతిలో గవ్వని అటూ ఇటూ తిప్పింది. పెద్ద మనిషి, అరవై ఏళ్లు ఏట్లో పడవ నడిపిన చెయ్యి, ఆ చేత్తోనే గవ్వని కింద పెట్టేసింది. "ఓయమ్మ! కుర్రాడు తన తప్పు తానే చెప్పుకున్నాడు. నాకు తెలియదా నాకెందుకొచ్చాయో ఆ పడవలు?" అంది. చిలుక వైపు తిరిగి, "ఊ" అంది.

చిలుక గొంతు విప్పింది. అచ్చం పింగళాక్షుడి గొంతే. "నూకాలుకి పడవలిచ్చాను. ఎక్కిన ప్రతివాడూ ఆమెకి జై కొడతాడు. ఆమె నాకు గవ్వ వేస్తుంది. వెయ్యకపోతే పడవలు ముంచేస్తాను." గద్దె మీద వాడికి మోకాళ్ల దాకా సత్తువ పోయింది.

బీరన్న తల దించుకుని, "ఊ" అన్నాడు. "బీరన్నకి గొర్రెలిచ్చాను. గొర్రెలతో పాటు వాడినీ కొన్నాను" అంది చిలుక. గద్దె మీద వాడికి నడుము దాకా పోయింది.

సాంబయ్య మాత్రం బావురుమన్నాడు. "పేటంతా విందు తినేసిందే! అరిగిపోయిన అన్నం ఎక్కణ్నుంచి తిరిగివ్వను?" అన్నాడు. జనం మొహాలు చూశాడు, చెంపలు వేసుకున్నాడు, "ఊ" అన్నాడు. చిలుక మూడో మాట చెప్పింది. ఆ మాటతో గద్దె మీద తలపాగా మిగిలింది, మనిషి లేడు. చిలుక రెక్కలు విదిల్చి ఎగిరిపోయింది.

గద్దె ఖాళీ అయినా ముగ్గురూ మూడు నల్లరాళ్లు కుండలో వేశారు. తర్వాత పెద్దరికం కర్రలు కింద పెట్టేశారు. పెట్టేముందు నూకాలు ఒక మాట అంది: "నాయనా, నీది కూడా తప్పేనన్నావు. మూడు రోజులు మళ్లీ పాకలో ఉండాలి, మాటా పలుకూ లేకుండా."

"అలాగే అమ్మా" అని వెళ్లాడు. అదేం పిల్లాడే తల్లీ!

రేవు దగ్గర రాయి లేదు. పాక ముందు అమ్మ కూర్చుని ఉంది, కొంగు తడిగా. చూసుకున్నారు. మాట్లాడకూడదు. ఒకరోజు పక్కపక్కనే కూర్చున్నారు. రెండో రోజు ఆమె వాడి తల నిమిరింది. అన్నలిద్దరూ వచ్చి, గుర్రమూ తోటా ఒప్పజెప్పేసి, దూరంగా చతికిలబడ్డారు. పగడమ్మ ఇంకా దూరంగా కూర్చుంది. ఆమెకి ఎదురుచూడటం అలవాటే.

మూడో రోజు పొద్దు గుంకింది. గడువు తీరింది. ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలో వాడికి తెలియలేదు. గొంతు సవరించుకుని, "అమ్మా, ఒకరోజు మా అమ్మ రాయైపోయింది" అన్నాడు.

"ఊ" అంది అమ్మ.

ఆ ఒక్క ఊ కోసమే కదర్రా వాడు ఏడు సముద్రాలు తిరిగింది! తెల్లవార్లూ చెప్పాడు, ఆమె ఊ కొడుతూనే ఉంది.

తర్వాతేముంది, మిత్రసేనుడికీ పగడమ్మకీ పెళ్లైంది. తాబేలు పెళ్లిపీటైంది, ఎలుక పప్పన్నం తిని మూడు రోజులు లేవలేదు. అన్నలే గద్దె ఎక్కిస్తే మిత్రసేనుడు అరవై ఏళ్లు ఏలాడు. ఏటి అవతలి ఒడ్డున రెండో పాక కట్టించాడు. ఫిర్యాది ఇటు పాకలో ఉంటే రాజు అటు పాకలో ఉండాలి, ఎవరికీ ఏమీ ఇవ్వకుండా. ఒకసారి తన మీదే ఫిర్యాదు వస్తే తనే వెళ్లి నలభై రోజులు కూర్చున్నాడు. అప్పుడు కూడా గట్టు మీద ఓ కప్ప ఉందంటారు.

కథ ఏరు దాటిపోయింది, గింజలు నా ఒళ్లో మిగిలాయి. ఏమర్రా, అందరూ అలా చూస్తారేం? ఊ అనండి.