కట్టు కట్టేముందు

భూగర్భశాస్త్రం బోధించే కూర్మారావు మాస్టారికి శిష్యుల ప్రశ్నకు వెంటనే బదులిచ్చే అలవాటు లేదు. ముందు రాయిని చూసేవారు, తరవాత అడిగినవాళ్ళ ముఖం చూసేవారు.

ఆయన శిష్యురాలు అలివేలు అనంతగిరి కొండల్లో మూడేళ్ళు తిరిగి ఒక పటం గీసింది. అక్కడి రాళ్ళలోని పొరలు ఏ కాలంలోనో, భూమి లోతుల్లో, ఒకే ఒత్తిడికి ఒకే తీరున మడతపడ్డాయని ఆమె నిర్ణయం. నెలలో సిద్ధాంత గ్రంథం సమర్పించాలి. అప్పుడు ఒక వాగులో ఆ బండ కనిపించింది. అందులో మడతలే తిరిగి మడతపడి ఉన్నాయి. అంటే ఆ కొండ ఒకసారి నలిగి ఊరుకోలేదు, మరో దిక్కునుంచి మళ్ళీ నలిగింది. దాన్ని లెక్కలోకి తీసుకుంటే పటమంతా మొదటికొస్తుంది.

మాస్టారిని అక్కడికి తీసుకెళ్ళి అడిగింది. "నలభై చోట్ల రాళ్ళు ఒకే మాట చెబుతున్నాయి మాస్టారూ. ఈ ఒక్కదాన్ని వదిలేస్తే తప్పా?"

ఆయన బండను నిమురుతూ చుట్టూ తిరగబోయి, నాచుమీద కాలు జారి పడ్డారు. చూస్తుండగానే ఎడమ ముంజేయి వాచిపోయింది. పట్నం దూరం. పక్క ఊళ్ళో ఎముకలు కట్టే సిమ్మన్న దగ్గరికి ఆమె ఆయన్ను నడిపించుకు వెళ్ళింది.

సిమ్మన్న కళ్ళు మూసుకుని ఆ చేతిని చాలాసేపు తడిమాడు. అలివేలు వెదురుబద్దలు అందించబోతే తీసుకోలేదు.

"ఇది ఇదివరకే ఓపాలి ఇరిగింది బాబూ. ఎప్పుడు?"

"లేదే," అన్నారు మాస్టారు.

"మీరు లేదంటన్నారు. ఎముక ఉందంటంది."

అలివేలుకి ఓపిక పోయింది. "ఇప్పుడు విరిగింది కట్టవయ్యా. పాతదెందుకు?"

"పాతది ఎటు ఒంగి అతికిందో తెలీకుండా కడితే, కొత్తది నిలవదమ్మా," అన్నాడు సిమ్మన్న నెమ్మదిగా.

మాస్టారు తన చేతికేసి చూసుకున్నారు. అప్పుడు గుర్తొచ్చి చెప్పారు. ఆరేళ్ళప్పుడు అక్క భుజాలమీదనుంచి పడ్డారట. నాన్న కొడతారని భయపడి, అక్క తన ఓణీ చింపి పెరట్లోనే కట్టు కట్టి, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుందట. అక్క కోసం దాచి దాచి చివరకు తానే మరిచిపోయారు.

సిమ్మన్న తలాడించి, ఆ పాత వంకరకు తగ్గట్టు బద్దలు సర్ది కట్టాడు. ఆ చెయ్యి బాగానే అతికింది. అలివేలు గ్రంథం మాత్రం పద్నాలుగు నెలలు ఆలస్యమైంది.

కానీ ఆ సాయంత్రం తిరిగి వస్తున్నప్పుడు ఆమెకు అవేవీ తెలియవు. మాస్టారి సంచీ, సుత్తీ తన భుజానికి తగిలించుకుని, తల వంచుకు నడిచింది.

"నెల చాలదు మాస్టారూ," అంది చివరికి.

ఆయన కట్టుమీద మెల్లగా చెయ్యి వేసుకున్నారు.

"మా అక్క పోయి పదకొండేళ్ళయిందమ్మా. ఇక్కడ ఉందని నాకు ఇవాళే తెలిసింది."