పదకొండో మనిషి

సత్రంపేట వ్యాయామ వినోద కేంద్రానికి పెద్దదిక్కు బాలకోటయ్య మాస్టారు. హైస్కూల్లో ముప్ఫై ఏళ్లు డ్రిల్లు నేర్పి రిటైరైన మనిషి. ఆయనకో అలవాటుండేది. ఎవరైనా వచ్చి సందేహం అడిగితే జవాబు చెప్పేవారు కాదు. నీళ్లు చల్లే డబ్బా చేతికిచ్చి బాల్ బ్యాడ్మింటన్ కోర్టు వైపు చూపించేవారు. మట్టి కోర్టు మరి, సాయంత్రం ఆటకు ముందు తడిపితే గాని దుమ్ము అణగదు. అడిగినవాళ్లలో సగం మంది కోర్టు తడపడం పూర్తయ్యేలోగా తమ సందేహమే మరిచిపోయేవారు. తక్కిన సగం మంది మళ్లీ ఆయన్ని ఏమీ అడగకుండా జాగ్రత్తపడేవారు. ఎటు చూసినా కోర్టు మాత్రం తడిసేది.

హైమవతి ఈ రెండు రకాల్లోనూ చేరదు. చిన్నప్పుడు మాస్టారి దగ్గరే ర్యాకెట్టు పట్టడం నేర్చుకుంది, జిల్లా జట్టులో సెంటర్ ప్లేయర్‌గా ఆడింది, ముప్ఫై రెండేళ్ల వయసులో అదే కేంద్రానికి సెక్రటరీ అయింది. అయిన ఆరు నెలల్లో కురుస్తున్న కప్పు బాగుచేయించింది. ఫ్యాన్లు పెట్టించింది. గోతులు పడ్డ క్యారమ్ బోర్డులు తీసేసి కొత్తవి తెప్పించింది. ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి గది కట్టించింది. ఇవన్నీ మంచి పనులే, అందరూ మెచ్చుకున్నారు కూడా. ఆ మెచ్చుకోలు ఊపులోనే కోర్టు పక్కన ఒక బోర్డు పెట్టింది: ‘ఆటకు పదిమంది. ముందుగా పేరు రాయించుకోనివారు గీత దాటి లోపలికి రాకూడదు.’ బాల్ బ్యాడ్మింటన్ అటు ఐదుగురు, ఇటు ఐదుగురు ఆడే ఆట. పదకొండో మనిషికి కోర్టులో ఏం పని అన్నది ఆమె వాదన. కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు.

అప్పటిదాకా ఆ కోర్టులో పదకొండో మనిషి ఒకావిడ ఉండేది. పేరు తిరపతమ్మ. పొద్దున్నే ఇడ్లీ బండి నడిపి, మధ్యాహ్నం మర్నాటికి పప్పు నానబోసి, సాయంత్రం ఐదయ్యేసరికి చీర కొంగు నడుముకు బిగించి కోర్టు వెనక మూలన నిలబడేది. ఏభై దాటిన మనిషి, బంతి ఎటు వస్తుందో ఆవిడకు తెలిసేది కాదు, ఎటు పోతుందో బంతికీ తెలిసేది కాదు. ఆవిడ ఆటలో అరటిపండు. పిల్లల ఆటల్లో మరీ చిన్నవాడు నేనూ ఆడతానని ఏడిస్తే చేర్చుకుని, వాడు ఔటైనా ఔట్ కాదంటారే, అదే ఏర్పాటు పెద్దవాళ్లు ఈవిడకు చేశారు. ఆవిడ కొడితే పాయింటు లేదు, వదిలేస్తే నష్టం లేదు. ఎప్పుడైనా పొరపాటున బంతి తగిలి నెట్ దాటితే మాత్రం రెండు పక్షాలూ ఆట ఆపి చప్పట్లు కొట్టేవి. బోర్డు పెట్టిన రోజు తిరపతమ్మ వచ్చి, పక్కవాళ్ల చేత చదివించుకుని, తలూపి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

ఆ నెల్లోనే పోస్టాఫీసు రామలింగేశ్వరరావుకు నడుంనొప్పి పట్టుకుంది. తరవాతి నెల కాంపౌండర్ హుస్సేన్‌కు సాయంత్రాలు తీరిక లేకుండా పోయింది. ఆపైన ఒకరికి పిల్లల చదువులు, ఇంకొకరికి కంటి అద్దాలు. పదిమంది ఆరుగురయ్యారు. బయట కోర్టులో కేరింతలు లేకపోతే లోపల క్యారమ్స్ దగ్గర కూడా ఎవరికీ మనసు నిలవదు. హాలు కూడా పలచబడింది. సరిగ్గా అప్పుడే మునిసిపాలిటీ నుంచి కాగితం వచ్చింది. మే నెలాఖర్లో ఏదో ఒక సాయంత్రం అధికారి వచ్చి చూస్తాడనీ, ఆడుతున్నవాళ్లు ఇరవై మందైనా కనిపించకపోతే స్థలమూ హాలూ వీధిదీపాల సామాను దాచుకునే గోడౌనుకు ఇచ్చేస్తామనీ అందులో ఉంది. హైమవతి అది రెండుసార్లు చదువుకుంది. తను ఆడి పెరిగిన కోర్టులో కరెంటు తీగల చుట్టలు కళ్లకు కట్టాయి. ఆ కాగితం పట్టుకుని సరాసరి మాస్టారి దగ్గరకు వెళ్లింది.

“మాస్టారూ, అన్నీ బాగుచేశాను గదండీ. బాగుచేసిన కొద్దీ జనం ఎందుకు తగ్గిపోతున్నారు?”

మాస్టారు కాగితం చదివి మడత పెట్టి, నీళ్ల డబ్బా అందించారు. ఆమె పళ్లు బిగించి ఆ చివర నుంచి ఈ చివరదాకా కోర్టంతా తడిపి, ఖాళీ డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టి నిలబడింది. మాస్టారికి తప్పలేదు.

“నిన్న మీ పక్షం ఓడిందటగా. ఎవరివల్ల?”

“అనసూయగారి వల్లండీ. వచ్చిన ప్రతి బంతీ నెట్‌కే కొట్టారు.”

“పోయిన నెల?”

“హుస్సేన్ వల్ల.”

“అంతకుముందు?”

“రామలింగేశ్వరరావుగారు. ఆయన వెనక లైన్లో ఉంటే చెయ్యే లేవదండీ.”

“వాళ్లిద్దరూ మానేశారుగా, మరి నిన్న ఎందుకు ఓడారు?” అన్నారు మాస్టారు. ఆ వెంటనే ఇంకోటి అడిగారు. “తిరపతమ్మ ఉన్నప్పుడు ఎవరివల్ల ఓడేవాళ్లు?”

ఆమె ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. అప్పుడు కూడా ఓడేవాళ్లు, గెలిచేవాళ్లు. కానీ ఇంటికి పోయేటప్పుడు ఫలానావాళ్ల వల్ల అన్న మాట ఎప్పుడూ వినిపించేది కాదు. తిరపతమ్మ ఆ రోజు కొట్టిన ఒక్క బంతి గురించి చెప్పుకుని నవ్వుకుంటూ పోయేవాళ్లు. మాస్టారు లేచారు. పంచె ఎగ్గట్టి, వాచిపోయిన మోకాలు ఈడ్చుకుంటూ వెళ్లి కోర్టు వెనక మూలన నిలబడ్డారు. అప్పుడప్పుడే వస్తున్న మిగతావాళ్లు నోరు తెరిచి చూశారు.

“నేను ఆటలో అరటిపండుని,” అన్నారాయన. “కానివ్వండి.”

డెబ్భై మూడేళ్ల డ్రిల్లు మాస్టారు బంతిని కొట్టబోయి గాలిని కొడుతుంటే మొదట ఎవరికీ నవ్వడానికి ధైర్యం చాల్లేదు. మూడోసారి ఆయనే నవ్వేశారు. ఇక అందరూ పడీపడీ నవ్వారు. ఆ నవ్వులో ఎప్పుడు జరిగిందో గాని, నిన్నటిదాకా సర్వీసు అందుకోవాలంటే వణికిపోయిన అనసూయ వరసగా నాలుగు బంతులు వెనక్కి కొట్టింది. మర్నాడు సంగతి విని హుస్సేన్ చూడ్డానికని వచ్చాడు, వచ్చినవాడు ర్యాకెట్టు పట్టుకోకుండా పోలేదు. ఐదోనాడు రామలింగేశ్వరరావు నడుంనొప్పి దానంతటదే తగ్గింది.

హైమవతికి అప్పటికి విషయం అర్థమైంది. అర్థమై తలకొట్టేసినట్టయింది కూడా. ఆట చెడగొట్టే చివరి మనిషిని తీసేశాననుకుంది ఇన్నాళ్లూ. ఆ చివరి చోటు ఎక్కడికీ పోలేదు. ఆ చోట్లో నవ్వుతూ నిలబడగలిగిన మనిషి ఒక్కతే పోయింది, ఆ తరవాత మిగిలినవాళ్లను ఒక్కొక్కరినే వరసగా ఆ చోట నిలబెట్టి తనే సాగనంపింది. ఆరోజు ఆట అయ్యాక బోర్డు పీకేద్దామని పార పట్టుకుని వెళ్లింది.

“ఉండనీ,” అన్నారు మాస్టారు. “అందులో తప్పేం రాయలేదు. పదిమందే ఆడాలి. పదకొండోవాళ్లు ఆడకుండా కోర్టులో ఉండాలి, అంతేగా. నా మోకాలు రేపటికి పనికిరాదు. ఆ మూల నువ్వు నిలబడు.”

“నేనాండీ!” హైమవతి గొంతు లేచింది. “జిల్లా జట్టులో సెంటర్ ఆడినదాన్నండీ మాస్టారూ.”

“అందుకే,” అని ఆయన చెప్పుల్లో కాళ్లు పెట్టుకున్నారు.

చెప్పడం తేలికే. మొదటి రోజు ఆమెకు ఏడుపొక్కటే తక్కువ. తన మీదికి తలకు కాస్త పైగా, అడిగినట్టుగా వచ్చిన బంతిని చూసి చెయ్యి ఆగలేదు. ఎగిరి స్మాష్ కొట్టింది. నేలకు తగిలిన చోట తడి మట్టి చిట్లింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. గట్టు మీద కూర్చున్న మాస్టారు మాత్రం గట్టిగా కేకేశారు: “అరటిపండు స్మాష్ కొట్టదు!” కోర్టు గొల్లుమంది. ఆమె ముఖం ఎర్రబడింది. నిజం చెప్పాలంటే ఆ రాత్రి అన్నం సయించలేదు. ఓడినప్పుడు ఎన్నోసార్లు బాధపడింది గాని, లెక్కలోకే రాకపోవడం ఎలా ఉంటుందో ఆమెకు ఎప్పుడూ తెలియలేదు. అది తెలిశాక తిరపతమ్మ నవ్వు గుర్తొచ్చింది. అన్నేళ్లు ఆ మూలన నిలబడి ఆవిడ ఎంత కష్టమైన పని చేసిందో తలుచుకుని సిగ్గుపడింది.

తెల్లారి ఇడ్లీ బండి దగ్గరకు వెళ్లింది. తిరపతమ్మ పొయ్యి మీద నుంచి చూపు తిప్పకుండానే, “ఎన్ని కట్టమంటారమ్మా?” అంది.

“ఇడ్లీలకు కాదు తిరపతమ్మా. సాయంత్రం ఆటకు రావాలి నువ్వు.”

“నా చోటు తీసేశారుగా హైమమ్మా. బోర్డు కూడా రాయించారు.”

“తీసేశాను. తప్పు నాదే,” అంది హైమవతి. “ఇప్పుడా చోట్లో నేనున్నాను, ఖాళీ లేదు. నీ పేరు పదిమందిలో రాశాను. ఎడమ పక్క, వెనక లైను.”

తిరపతమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. “నేనా? లెక్కలోనా? నా మూలంగా అవతలివాళ్లకి పాయింట్లు పోతేనో?”

“పోతే పోతాయి. నీ పక్కనే నేనుంటాను, నాకన్నా అన్యాయంగా ఆడేవాళ్లు ఆ కోర్టులో లేరు. మాస్టారినే అడుగు.”

తిరపతమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. పొయ్యి పొగకో, ఇంకెందుకో. సాయంత్రం వచ్చింది. ఆ రోజు ఆవిడ పక్షం చిత్తుగా ఓడిపోయింది, ఎవరివల్ల అని ఎవరూ అనలేదు. హైమవతి ఒక బంతి కోసం పరిగెత్తి నీళ్ల డబ్బా మీద పడిందని మాత్రం రెండు రోజులు చెప్పుకున్నారు. ఆమె కూడా పక్కన చేరి, పడ్డ తీరు చేత్తో చూపించి మరీ నవ్వించింది. వారం తిరిగేసరికి తిరపతమ్మకు బంతి ఎటు వస్తుందో కాస్త కాస్త కనబడసాగింది. కోర్టు నిండింది, హాల్లో క్యారమ్స్ చుట్టూ మళ్లీ గొడవలు మొదలయ్యాయి. వచ్చేది ఎవరైనా రానీ అన్న ధీమా హైమవతికి కలిగింది.

అధికారి మే ఇరవై ఎనిమిదిన వచ్చాడు. చేతిలో ఫైలు, పెన్ను, ముఖాన ఏ భావమూ లేదు. గట్టు మీద మాస్టారి పక్కన నిలబడి ముందు హాలు లెక్కపెట్టాడు. క్యారమ్స్ దగ్గర ఎనిమిది మంది, చదరంగం దగ్గర ఇద్దరు. తరవాత కోర్టు వైపు తిరిగి పెన్ను కొసతో ఒక్కొక్కరినీ చూపిస్తూ లెక్కించాడు. ఆట అంతటితో ఆగింది. బంతి ఎవరి చేతిలో ఉందో వాళ్లకే గుర్తు లేదు.

“ఇక్కడ పదకొండు. మొత్తం ఇరవై ఒక్కరు,” అన్నాడు రాసుకుంటూ.

“ఇరవై వేసుకోండి సార్,” అన్నారు మాస్టారు. “ఒకరు లెక్కలోకి రారు.”

ఆ మాట కోర్టులో అందరికీ వినబడింది. తిరపతమ్మ తల దించుకుంది. ఎవరూ పొమ్మనకుండానే ర్యాకెట్టు కిందికి దించి, సున్నం గీత వైపు ఒక అడుగు వేసింది. హైమవతి ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. అధికారి అనుభవమున్న మనిషి, ఇలాంటి చోట్ల అదనపు మనిషి ఎవరో చూడగానే పోల్చుకుంటాడు. పెన్ను తిరపతమ్మ వైపు తిప్పి, “ఆవిడేనా?” అన్నాడు.

“ఆవిడా?” మాస్టారు ఆశ్చర్యపోయారు. “ఆవిడ మా లెఫ్ట్ బ్యాక్ సార్. పేరుతో సహా రాసుకోండి, తిరపతమ్మ. మీరు కొట్టేయాల్సింది అదిగో, ఆవిడ చెయ్యి పట్టుకున్న అమ్మాయిని. మా సెక్రటరీ.”