ఊట పడేదాకా

బావులు తవ్వే ఓబులేసు కూతురు చెంగమ్మను రాజధానిలోని విద్యాపీఠం పైచదువుకు రమ్మంది! ఇంటిల్లిపాదీ ఎగిరి గంతేశారు. అయితే ఊరి దొర వీరభద్రప్ప సిఫారసు చీటీ ఇస్తేనే అక్కడ చేర్చుకుంటారు.

"చదవడం, రాయడం వచ్చేసింది కదరా! ఆడపిల్లకు అది చాలు" అని దొర చీటీ ఇవ్వనన్నాడు.

 అప్పుడు ఓబులేసు దొర తోటలోనే బావి తవ్వుతున్నాడు. మర్నాడు ముప్పై అడుగుల లోతున మట్టి చెమ్మగా తగలగానే, గడ్డపార భుజాన వేసుకుని పైకొచ్చేశాడు.

దొర పరుగెత్తుకొచ్చాడు. "నీళ్లేవిరా?"

"చెమ్మ తగిలింది దొరా! బావికి అది చాలదూ?"

"చెమ్మతో గొంతు తడుస్తుందిరా? ఇంత తవ్వి ఇక్కడ ఆపితే పడ్డ కష్టమంతా మట్టిపాలే! ఊట పడేదాకా ఆపడానికి వీల్లేదు!" దొర అరుపు తోటంతా వినబడింది.

ఓబులేసు ముఖం వెలిగిపోయింది. అక్కడే మట్టి మోస్తున్న కూతుర్ని కేకేశాడు. "అమ్మా చెంగమ్మా, కాగితం, కలం పట్టుకురా! దొరగారు నీ చీటీ చెబుతున్నారు, ఒక్క ముక్క పోకుండా రాసుకో!"

కూలీలు గొల్లున నవ్వారు.  ఆఖరికి దొర చెంగమ్మ చేతిలోని కలం లాక్కుని, ఆమె రాసిన చీటీ కింద సంతకం గీకేశాడు.

"ఇక దిగరా బావిలోకి!"