రెల్లులంక నడకలమ్మ: ఏటితో పాటు జరిగే గుడి

మూడు వందల అరవై రాళ్ళు, పదహారు తాటి గుంజలు, ఇరవై నాలుగేళ్ళ వయసు. ఉప్పరి పోలన్న రెల్లులంక రేవులో దిగిన నాడు అతని దగ్గర ఉన్న మొత్తం ఇదే. ఆ రాళ్ళలో ఒక్కటి కూడా ఇవాళ భక్తులకు కనిపించదు. కనిపించేది గోదావరి పాయ ఒడ్డున, రెల్లుగడ్డి నడుమ, తాటాకు కప్పుతో, నాలుగు వైపులా వెదురు తడికలతో నిలబడిన చిన్న గుడి. గోపురం లేదు, ప్రాకారం లేదు. నేల గచ్చు కాదు, ఒండ్రు మట్టి. లోపల మూరెడు ఎత్తున్న నల్లరాతి అమ్మవారు ఏటికి ఎదురుగా నిలుచుని ఉంటుంది. తడికల సందుల్లోంచి ఏటిగాలి ఎప్పుడూ లోపలికి వస్తూనే ఉంటుంది కాబట్టి ఇక్కడ దీపాన్ని చిల్లుల కుండలో పెడతారు.

నిరుడు వచ్చినవారు ఈ ఏడు మళ్ళీ వస్తే గుడి అదే చోట ఉండకపోవచ్చు. "మొన్న వచ్చినప్పుడు ఆ మొక్కజొన్న చేలో కదండీ ఉంది" అని రేవులో అడిగేవారు చాలామంది. గుడి ఇప్పటికి నలభై ఆరు సార్లు చోటు మారింది. నడికప్పు దూలం మీద ఒక్కొక్క మార్పుకూ ఒక్కొక్క గాటు ఉంది, కావలసినవారు లెక్కపెట్టుకోవచ్చు. అమ్మవారికి నడకలమ్మ అన్న పేరు, గుడికి ఈ నడక ఎలా వచ్చాయో లంక పెద్దలు ఇలా చెబుతారు.

పూర్వం ఇక్కడ దోసపాదులు, సొరపాదులు పెట్టుకుని బతికే డెబ్బై గడపలు ఉండేవి. ఒకసారి వరద తీసిన తరువాత, గేదెలు కాసే మనిషి ఒకడు ఒండ్రులో కూరుకుపోయిన దూడను పైకి లాగుతుంటే దాని కాళ్ళ కింద ఈ విగ్రహం బయటపడింది. ఎక్కడి నుంచి కొట్టుకువచ్చిందో ఎవరికీ తెలియదు. ఏరు తెచ్చిన తల్లి అనుకుని తాటాకు పాక వేసి నిలిపారు. మూడేళ్ళకు ఏటి కోతలో పాక పోయింది. మళ్ళీ వేశారు, మళ్ళీ పోయింది. తొమ్మిదేళ్ళలో నాలుగు పాకలు. ప్రతిసారీ ఎవరో ఒకరు ఆఖరి క్షణంలో అమ్మవారిని చంకన వేసుకుని పరుగెత్తడమే. లంక పెదకాపు సర్వయ్యకు ఇది తలవంపులుగా ఉండేది. "మనందరికీ తలా ఒక ఇల్లుంది. మన తల్లికి లేకపోయె" అని, ఏరు తీసుకుపోలేని గుడి కట్టేవాడి కోసం మెట్ట సీమకు కబురు పంపాడు.

వచ్చినవాడు పోలన్న. అప్పటికే మెట్టలో రెండు చెరువులకు కట్టలు వేశాడు, ఒక తూము నిలబెట్టాడు. ఒకచోట కూర్చుని అన్నం తినే రకం కాదు. ముద్ద చేత పట్టుకుని నడుస్తూ తినేవాడు, నడుస్తూనే లెక్కలు వేసేవాడు. పడవకు ముప్పై రాళ్ళ చొప్పున పన్నెండు పడవలు. మొదటి పడవ ఒడ్డు తాకకముందే నీళ్ళలోకి దూకి, రేవు ఈ కొస నుంచి ఆ కొసకు రెండుసార్లు నడిచి వచ్చి సర్వయ్య ముందు నిలుచున్నాడు.

"గుడికి తొందర లేదు పెదకాపు గారూ. ముందు ఏటిని ఆపాలి. వరసకు అరవై రాళ్ళు, ఆరు వరసలు. నలభై రోజులు."

"ఏటిని ఆపుతావా?" అన్నాడు సర్వయ్య.

"రెండు చెరువుల్ని ఆపినవాణ్ణి."

అతని పొరపాటు అక్కడే ఉంది. చెరువు నీరు కట్ట దాకా వచ్చి నిలుస్తుంది. మెట్టలో పుట్టి పెరిగినవాడికి నీరంటే నిలిచేదే. పారే నీటిని ఒకచోట వద్దంటే అది మరోచోటికి పోతుందన్న సంగతి అతని లెక్కలో లేదు. లంకవాళ్ళకు తెలుసు. కాని గుడి నిలుస్తుందన్న ఆశలో ఎవరూ నోరు విప్పలేదు.

కట్ట ముప్పై ఎనిమిది రోజుల్లో లేచింది. లంక ఎగువ కొస నుంచి ఏటిలోకి చేయి చాపినట్టు ఉండేది. దాని వెనక పదహారు గుంజలు పాతి, తాటాకు కప్పి, అమ్మవారిని ఉంచారు. రాతి గుడి వచ్చే వేసవికి అనుకున్నారు. దాని కొలతలు కూడా పోలన్న అప్పుడే తాటాకు మీద గీసి పెట్టుకున్నాడు.

శ్రావణంలో వరద వచ్చింది. ఏరు ఒడ్డుల నిండా ఎర్రగా పారింది. మూడు రోజులు పోలన్న కట్ట మీదే తిరిగాడు. ఒక్క రాయి కదలలేదు. లంక ఒడ్డు బెత్తెడు కూడా తరగలేదు. సర్వయ్య కొబ్బరికాయ కొట్టి, పోలన్నకు తన భుజం మీది కండువా తీసి కప్పాడు.

నాలుగో రోజు పొద్దున అవతలి ఒడ్డు నుంచి ఒక పడవ వచ్చింది. నడుపుతున్నది దబ్బలంకలో సొరపాదులు పెట్టే అంకాలు అనే ఆమె. యాభై ఏళ్ళ మనిషి, ఒంటరిగా పడవ వేసుకుని వరదకు అడ్డంపడి వచ్చింది. పడవలో కాయలతో సహా పీకేసినట్టున్న సొరతీగ ఒకటి ఉంది.

"ఈ కట్ట కట్టింది నువ్వేనా అబ్బాయ్? గట్టిగానే ఉంది. దీనికి దడిసి ఏరు మా ఇంటికొచ్చింది. కాస్త వచ్చి చూసి పో" అంది.

పోలన్న ఆమె వెంట వెళ్ళాడు. దబ్బలంక ఒడ్డు నిలువునా తెగి ఉంది. ఒడ్డు నుంచి మొదటి ఇంటి వరకు బారకు, అంటే రెండు చేతులూ చాచినంత దూరానికి, ఒకటి చొప్పున రెల్లుపుల్లలు గుచ్చుకుంటూ పోయాడు. ఇరవై ఎనిమిది పట్టాయి. వెనక్కి తిరిగి చూసేసరికి మొదటి పుల్ల లేదు. అది గుచ్చిన నేలే లేదు.

"రోజుకెంత పోతోందమ్మా?"

"నిన్న నాలుగు బారలు. మొన్న నాలుగు."

అతని పెదవులు కదిలాయి. అంకాలు అతని మొహమే చూస్తోంది. "నీ లెక్క నాకూ వచ్చులే. ఏడు రోజులు. వరద ఇంకో పది రోజులుంటుంది. నలభై రెండు ఇళ్ళు. ఏరు మునుపూ కోసేది అబ్బాయ్, ఒకేడు మీ వైపు, ఒకేడు మా వైపు. తోడికోడళ్ళు వంట వంతులేసుకున్నట్టు. ఇప్పుడు రెండు వంతులూ మాకే పెట్టావు."

తిరిగి వచ్చి పోలన్న ఈ మాట చెబితే సర్వయ్య అవతలి ఒడ్డు వైపు ఓసారి చూశాడు. "వాళ్ళ రాత" అన్నాడు. "తల్లి మన ఒడ్డునే తేలింది. అందులో అర్థం లేదా?"

పోలన్నకు ఆ రోజు కాలు నిలవలేదు. రేవు నుంచి కట్టకు, కట్ట నుంచి గుడికి. ఒక చోట నిలుచుంటే అవతలి ఒడ్డున మట్టి పెళ్ళలు పడే చప్పుడు వినిపించేది. నడిస్తే వినిపించదేమోనని నడిచాడు. మరునాడు మిట్టమధ్యాహ్నం కాళ్ళు పీకి, బోర్లించిన పడవ నీడలో పడుకున్నాడు. కునుకు పట్టింది.

కలలో గుడి కనిపించింది. లోపల ఒక స్త్రీ, చీర కుచ్చెళ్ళు తడిసి, ఈ తడిక నుంచి ఆ తడికకు, ఆ తడిక నుంచి ఈ తడికకు నడుస్తోంది. పోలన్నను చూసి ఆగింది.

"ఇది గుడా, బందెల దొడ్డా? గొడ్డును కట్టేసినట్టు కట్టేశావు. కాళ్ళు పట్టేస్తున్నాయి. నేను ఏటితో వచ్చినదాన్ని. ఏరు జరిగితే నేనూ జరుగుతాను. ఏటిని ఆపమని నిన్నెవరడిగారు? నా వెంట రాగలిగిన ఇల్లు కట్టడం చేతనైతే కట్టు. చేతకాకపోతే నన్ను నీళ్ళలో వదిలిపెట్టు."

లేచి రేవు కొసకు పరుగెత్తాడు. అవతలి ఒడ్డున పుల్లలు ఇరవై నాలుగే మిగిలాయి.

కట్ట తీసేస్తానని పోలన్న చెప్పినప్పుడు సర్వయ్యకు కోపం వచ్చింది. "కూలి తీసుకుని కట్టినవాడివి, పడగొట్టే హక్కు నీకెక్కడిది? అది తీస్తే రెండు రోజుల్లో గుడి పోతుంది."

"పోదు. మనమే తీసుకుపోదాం."

"నలుగురం చంకన వేసుకుని పరుగెత్తితే చాలనుకుంటే నిన్నెందుకు పిలిచాను?"

"అమ్మవారిని కాదయ్యా. గుడినే."

సర్వయ్య నవ్వి వెళ్ళిపోయాడు. లంకలో ఒక్కరు కూడా సాయం రాలేదు. మరునాడు తెల్లవారగానే పోలన్న ఒక్కడే నడుము లోతు నీటిలో, కట్ట ఒడ్డుకు అతుక్కున్న మెడ దగ్గర నిలబడి పై వరస రాళ్ళకు తాడు బిగించాడు. మూడో రాయి లాగేటప్పటికి చేతులు చీరుకుపోయాయి. అప్పుడు దబ్బలంక నుంచి అంకాలు ఐదు పడవలతో వచ్చింది. తాళ్ళు పడవలకు కట్టి, ప్రవాహంలోకి తోసి లాగారు. మధ్యాహ్నానికి పై రెండు వరసలు ఊడాయి. మిగిలిన నాలుగు వరసల పని ఏరే చూసుకుంది. తన ముప్పై ఎనిమిది రోజుల పని, తన పేరు, వచ్చే వేసవి రాతి గుడి ఎర్రనీళ్ళలో పోతుంటే పోలన్న చూస్తూ నిలబడలేదు. గుడి దగ్గరికి పరుగెత్తాడు.

గడప నుంచి ఒడ్డుకు తొమ్మిది బారలు ఉండాలి. ఆరే ఉన్నాయి. కప్పును గుంజలకు పట్టి ఉంచిన కట్లు ఒక్కొక్కటే కోశాడు. వాసాల కిందుగా పదహారు వెదురు బొంగులు దూర్చాడు. బొంగుకు ఎనిమిది భుజాలు. నూట ఇరవై ఎనిమిది. లంకలో బరువెత్తగల మగవాళ్ళు, ఆడవాళ్ళు అంతా కలిసి అరవై నలుగురు. గుడి పోతోందని చూసి వాళ్ళు ఎలాగూ వచ్చారు. భుజం పెట్టారు. కప్పు కిర్రుమంది తప్ప లేవలేదు.

సరిగ్గా సగం తక్కువ. పోలన్నకు మొదటిసారి లెక్క తేలినా దారి దొరకలేదు. ఇంకో బార ఒడ్డు జారిపోయింది.

అంకాలు రేవు గట్టు ఎక్కి వచ్చింది. వెనక ఐదు పడవల జనం. పోలన్న ఆమెను అడగలేదు. అడిగే మొహం అక్కడ ఎవరికీ లేదు. ఆమె ఖాళీగా ఉన్న బొంగు కిందికి వంగుతూ సర్వయ్యతో, "జరగండి పెదకాపు గారూ, సగం చోటు మాది" అంది. తన వాళ్ళను గెడ్డం ఊపి పిలిచింది. అరవై మూడు భుజాలు నిండాయి. ఆఖరిది ఎవరిదా అని చూస్తుంటే, పక్కకు జరిగి నిలుచున్న సర్వయ్య తలపాగా తీసి నేల మీద పెట్టి, అంకాలు పక్క చోటులోకి వచ్చి వంగాడు. ఆ వరసలో దబ్బలంక లెక్కలో మోసిన రెల్లులంకవాడు ఆయనొక్కడే.

కప్పు లేచింది. గుడి నడిచింది. అంకాలుకు ఒక భుజం మీద బొంగు, మరో చంకన అమ్మవారు. వాళ్ళ వెనక ఒడ్డు విరిగిపడుతూనే ఉంది, వాళ్ళు ఆగకుండా ముందుకు పోతూనే ఉన్నారు. నలభై బారలు పోయాక పోలన్న చేయెత్తాడు.

అక్కడ అతను గుడిని కొత్తగా కట్టాడు. ఈసారి మేకు వాడలేదు, సున్నం వాడలేదు. గుంజలు గుంటల్లో చీలలతో బిగించాడు, చీల తీస్తే గుంజ చేతికి వస్తుంది. కప్పుకు ముడులే తప్ప అతుకులు లేవు. ఏటి వైపు తడికను పలుచగా అల్లించాడు, వరద ఎక్కి వస్తే నీరు ఒక వైపు నుంచి వచ్చి మరో వైపు నుంచి పోవడానికి, పోతూ నేల మీద కొత్త ఒండ్రు పరచడానికి. ఏరు ఎక్కడుందో తెలియకుండా ఈ గుడిలో ఎవరూ ఉండలేరు. గాలిలో తెలుస్తుంది, పాదం కింద మట్టిలో తెలుస్తుంది. ఆ తరువాత రెండు లంకల మధ్య కోత మునుపటిలా వంతులుగానే సాగింది. పోలన్న మాత్రం ఒక్క వరదకాలం ఆగి, నలభై బారల తాడు ఒకటి అంకాలు చేతికిచ్చి, కింది లంకల్లో ఇళ్ళు ఇలాగే కట్టి చూపిస్తానని వెళ్ళిపోయాడు. ఏ లంకలో స్థిరపడ్డాడో ఎవరూ చెప్పలేరు.

నాటి నుంచి ఆచారం ఇది. వరద తీసిన తరువాత దబ్బలంక ఆడపడుచు ఒకరు తాడుతో ఒడ్డు నుంచి గడప దాకా కొలుస్తారు. నలభై బారలకు తగ్గితే గుడి జరగాలి. మోసేవారిలో సగం ఇవతలి లంక వారు, సగం అవతలి వారు. భక్తులు వచ్చినప్పుడు ముందు ఒడ్డుకు వెళ్ళి ఏటిని చూసి, ఆ తరువాతే గడప తొక్కాలి. గుడి నేల మీది ఒండ్రే ఇక్కడి ప్రసాదం. ఇల్లు మారేవారు, కట్టుబడి మధ్యలో ఆగినవారు, ఉన్న చోట మనసు నిలవనివారు చిటికెడు తీసుకుపోయి కొత్త ఇంటి పునాదిలో వేస్తారు. చేరిన చోటు చల్లగా ఉంటుందని, చుట్టుపక్కల వారితో పొత్తు కుదురుతుందని నమ్మకం.

ఈ ఏడు కొలత ముప్పై ఎనిమిది బారలు వచ్చింది. నలభై ఏడవ నడక మార్గశిర శుద్ధ పంచమి నాడు. తూర్పున గుంటలు తవ్వడం పూర్తయింది, వెదురు బొంగులు రేవులో నానుతున్నాయి. రెల్లులంక వైపు అరవై నలుగురూ సిద్ధం. దబ్బలంకలో కుటుంబాలు తగ్గాయి, అక్కడి నుంచి ఇప్పటికి యాభై ఐదు మంది పేర్లిచ్చారు. బయటి నుంచి వచ్చిన భక్తులను అవతలి ఒడ్డు వారిగానే లెక్కించడం మొదటి నుంచీ ఉన్న పద్ధతి. తొమ్మిది చోట్లు ఖాళీగా ఉన్నాయి. ఆ రోజు మొదటి పడవ ఉదయం ఆరు గంటలకు. పడవ దిగాక ఎడమ వైపు, మూడో బొంగు దగ్గర నిలబడండి.