నీలం కారుకు దిష్టి

హిమకర్ దగ్గర ఉన్నది తొమ్మిది లక్షల అరవై వేలు. అప్పు తెచ్చింది కాదు, ఇంట్లోవాళ్ళు ఇచ్చిందీ కాదు. రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీలకు థర్మోకోల్ పెట్టెలు సరఫరా చేస్తూ తనంతట తాను కూడబెట్టుకున్న సొమ్ము. విశాఖపట్నం ఫిషింగ్ హార్బరు దగ్గర సొంతంగా ఒక కోల్డ్ రూమ్ తీసుకోవాలని, దాని అడ్వాన్సు కోసం దాచాడు. ఒక ఆదివారం ఉదయం, అదే డబ్బుకు ఇంకొంచెం జతచేసి పాత స్పోర్ట్స్ కారు కొందామనే ఆలోచనతో అచ్యుతం మాస్టారి దగ్గరికి వచ్చాడు.

పెదవాల్తేరులో మాస్టారి ఇంటి మేడమీద ఆదివారాలు మేం కొందరం గీత చదువుకోవడానికి చేరతాం. కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి ఆయన. శ్లోకంలో సందేహం వస్తే ఎంతసేపైనా విసుక్కోకుండా చెబుతారు. మన సొంత గొడవ ఏదైనా అడిగితే మాత్రం పుస్తకం మూసి చెప్పులు వేసుకుంటారు. ఆయన ఎక్కడికి బయలుదేరితే జవాబు అక్కడ దొరుకుతుందని మాకు అలవాటైపోయింది.

హిమకర్ ముందు లెక్క చెప్పాడు. పైకప్పు వెనక్కి ముడుచుకుపోయే రెండు సీట్ల కారు, నీలం రంగు, పన్నెండేళ్ళ పాతది. పదకొండు లక్షల పాతిక వేలు అడుగుతున్నారు. వారానికి ఒక్కరోజే బయటికి తీస్తాడు కాబట్టి అరగదు. ఐదేళ్ళు వాడి ఆరు లక్షలకు అమ్మేసినా, రిపేర్లూ ఇన్సూరెన్సూ కలుపుకుని వారానికి మూడు వేలు దాటదు.

"నలుగురం సినిమాకెళ్ళి బయట భోంచేసినా అంత అవుతుంది మాస్టారూ!"

"లెక్క బాగానే ఉంది. ప్రశ్న ఏది?" అన్నారు మాస్టారు.

హిమకర్ చాప అంచు పీకడం మొదలుపెట్టాడు. చివరికి, "నిఖిలేష్‌కి అలాంటిదే ఎర్రది ఉంది," అన్నాడు.

నిఖిలేష్ ఎవరో మా అందరికీ తెలుసు. ఇద్దరూ ఒకే పాత వ్యానుతో, ఒకే షెడ్డులో పెట్టెల వ్యాపారం మొదలుపెట్టారు. తర్వాత మాటా మాటా అనుకోకుండానే విడిపోయారు. నిఖిలేష్‌కి పెద్ద కంపెనీల ఆర్డర్లు దొరికాయి. పోయిన ఏడాది ఆ ఎర్ర కారు కొన్నాడు. ఆదివారం పొద్దున్నే టాపు తీసి, పాటలు పెట్టుకుని బీచ్ రోడ్డు మీద భీమిలి వైపు వెళ్ళేవాడు. సరిగ్గా ఆ వేళకు హిమకర్ అదే రోడ్డు పక్కన నడకకు వెళ్ళేవాడు. ఆ కారు కంటబడకూడదనుకుంటే వేరే రోడ్డులో నడవొచ్చు. నడిచేవాడు కాదు. నిఖిలేష్ చెయ్యి ఊపితే ఇతనూ ఊపి, ఇంటికొచ్చి వాడి టర్నోవరు ఎంతుంటుందో లెక్కవేసేవాడు. నిఖిలేష్ సంపాదన నిఖిలేష్ కంటే ఇతనికే ఎక్కువ తెలుసని మేం ఏడిపించేవాళ్ళం. కొన్ని వారాలుగా ఆ ఎర్ర కారు రోడ్డు మీద కనబడలేదు. అయినా హిమకర్ కడుపుమంట చల్లారలేదు. ఇంకా పెద్దది కొనడానికి దాన్ని అమ్మేసి ఉంటాడని అనుకున్నాడు.

"నాది కోరికో కుళ్ళో నాకే తెలియడం లేదు మాస్టారూ. కోరికైతే కొనేస్తాను. కుళ్ళైతే మానేస్తాను. తెలిసేదెలా?"

మాస్టారు పుస్తకం మూశారు.

ఆయన మమ్మల్నిద్దరినీ బయలుదేరదీసింది ఇసుకతోటలో ఆ నీలం కారున్న షెడ్డుకి. అక్కడ పాత కార్లమ్మే మనిషి పేరు సన్యాసిరావు. అమ్మేవి చూస్తే ఆ పేరు ఎవరు పెట్టారో అనిపిస్తుంది. మాస్టారు పంచె ఎగ్గట్టి ఆ పల్లపు సీట్లో కూర్చోబోతుంటే తలుపు పట్టుకున్నాడు.

"నెమ్మది మాస్టారూ! కూర్చోడం సులువేనండి. లేచేటప్పుడే ఇద్దరు కావాలి."

తాళం హిమకర్ చేతికిచ్చి, "రూటు చెప్పండి బాబూ," అన్నాడు.

"ఏ రూటైతే ఏముంది?"

"మామూలు కార్లకొచ్చినోళ్ళు మైలేజీ అడుగుతారండి. ఈ టాపు లేని బండికొచ్చినోళ్ళు రూటు చెప్తారు. మొన్నొకాయన మామగారింటి ముందు మూడుసార్లు తిప్పేడు. పెట్రోలు నాది కదండీ!"

హిమకర్ చెవులు ఎర్రబడ్డాయి. "ఎం.వి.పి. కాలనీ వైపు వెళ్ళొస్తాం," అన్నాడు. నిఖిలేష్ ఇల్లు అక్కడే. కారులో మూడో మనిషికి చోటు లేదు గనక నేను బైకు మీద వెనకాలే వెళ్ళాను.

ఆ ఇల్లున్న వీధిలోకి తిరగ్గానే హిమకర్ బాగా వేగం తగ్గించాడు. ఆగకుండా, నెమ్మదిగా, కిటికీలోంచి ఎవరైనా చూసేంత సేపు పట్టేలా ఆ గేటు ముందునుంచి పోవాలని అతని ఆలోచన. మాస్టారు చెయ్యి ఎత్తారు.

"ఆపు."

"ఎందుకండీ, అలా వెళ్ళిపోదాం..."

"వచ్చింది ఇక్కడికే కదా. హారను కొట్టు."

నిఖిలేష్ లుంగీతో, ఒక బుగ్గకు గడ్డం గీసుకునే నురగతో బయటికొచ్చాడు. కారును చూశాడు, హిమకర్‌ను చూశాడు. చెప్పులు కూడా లేకుండా రోడ్డు మీదికి పరుగెత్తాడు.

"ఒరేయ్ హిమా! ఇదేట్రా! కొనేశావేట్రా?"

"ఇంకా లేదు. చూస్తున్నాను."

"చూసేదేంట్రా, కొనేయ్! నేనూ నీలమే వెతికాను, దొరక్క ఎరుపు తీసుకున్నాను. అమ్మా, బేగి రా! హిమా కారు చూద్దువుగాని!"

కారు చుట్టూ తిరుగుతున్నాడు. తలుపు మీద పడిన నురగను లుంగీతో తుడుస్తున్నాడు. హిమకర్ కారును గానీ వీధిని గానీ చూడటం లేదు. అతని కళ్ళు నిఖిలేష్ మొహం మీదే ఉన్నాయి. ఆ నవ్వు ఎక్కడో ఒకచోట ఆగుతుందని కాచుకున్నట్టు చూస్తున్నాడు. అది ఆగలేదు.

"నీ కారేదిరా?" అని అడిగాడు హిమకర్.

నిఖిలేష్ గేటు లోపలికి చూపించాడు. మూలన టార్పాలిన్ కింద ఎర్ర కారు. మీద ఎండుటాకులు. టాపు సగంలో ఇరుక్కుపోయిందట, అటు తెరుచుకోదు, ఇటు మూసుకోదు. దాని మోటారు ఎక్కడో దేశం కాని దేశం నుంచి రావాలట.

"నాకు చెప్పలేదేం?"

"నువ్వు మా ఇంటి గుమ్మం తొక్కి ఎన్నాళ్ళైందిరా చెప్పడానికి?" అన్నాడు నిఖిలేష్, నవ్వుతూనే.

ఈలోగా వాళ్ళమ్మ పైడమ్మగారు గుప్పిట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకుని వచ్చింది. పెట్టెల షెడ్డు రోజుల్లో ఇద్దరికీ క్యారియరు పంపిన చెయ్యి అది.

"దిగకు బాబూ, కూచునే ఉండు. నీకూ బండికీ కలిపి తీసేస్తాను. మావోడిది కొన్నప్పుడు తియ్యలేదు, ఇప్పుడు చూడు, మూల కూచుంది. ఎవుడి కళ్ళు పడ్డాయో!"

హిమకర్ స్టీరింగు పట్టుకుని బిగుసుకుపోయాడు. ఆవిడ కారు చుట్టూ, అతని తల చుట్టూ గుప్పిట తిప్పింది.

"ఓర్వలేనోళ్ళ కళ్ళన్నీ దీంతోనే కాలిపోవాల. నా బిడ్డల జోలికి ఎవుడూ రాకూడదు," అంది. బిడ్డల అంది, బిడ్డ అనలేదు.

పెరట్లో నీళ్ళు కాగుతున్న పొయ్యిలో అవి పడేసి మళ్ళీ వచ్చింది. మిరపకాయలు కాలినా ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టని వాళ్ళింట్లో నమ్మకం.

"తుమ్మైనా రాలేదురా. సూసేవా ఎంతుందో! ఇది దూరపోళ్ళది కాదు, బాగా దగ్గరోడి కన్నే."

మాస్టారు పక్క సీట్లో కూర్చుని ఎదురుగా ఉన్న గోడకేసి చూస్తున్నారు.

బయలుదేరుతుంటే నిఖిలేష్ తలుపు మీదికి వంగాడు. "వచ్చే ఆదివారం భీమిలి దాకా పోదాం. నాది ఎలాగూ కదలదు. మాస్టారూ, ఏమనుకోకండి, ఆ రోజు ఈ సీటు నాది."

తిరుగుదారిలో సిగ్నల్ దగ్గర కాలేజీ కుర్రాళ్ళు ఫోనుతో కారును ఫొటో తీసుకున్నారు. పొద్దున్నైతే హిమకర్ ఫొటోలో బాగా పడేలా తల కాస్త పక్కకు తిప్పి కూర్చునేవాడే. ఇప్పుడు వాళ్ళని చూడనేలేదు.

హిమకర్ సన్యాసిరావు షెడ్డులో దిగి తాళం ఇచ్చేశాడు. "వద్దండీ."

"ఇంజను సౌండేమైనా చేసిందా?" అన్నాడు సన్యాసిరావు.

"లేదు."

"గేరు పట్టిందా?"

"బాగుంది."

"మరేటండీ?"

"ధర ఎక్కువ."

సన్యాసిరావుకి ఆ మాట అలవాటే. పదిన్నర లక్షలన్నాడు. పదన్నాడు. హిమకర్ రెండిటికీ తల అడ్డంగా ఊపేసరికి మాస్టారి వైపు ఒకసారి చూసి, "పెద్దాయన నా బండెక్కేరు. తొమ్మిదిన్నర. ఇంక దిగలేనండి," అన్నాడు.

నేను లోపల గబగబా లెక్కవేశాను. వారానికి మూడు వేలనుకున్నది రెండు వేల మూడు వందలకు దిగింది. చేతిలో ఉన్న సొమ్ము సరిపోయి ఇంకో పది వేలు మిగులుతుంది. ఇంతకంటే మంచి బేరం నేను చూడలేదు. మోచేత్తో పొడిచాను. హిమకర్ నా వైపు తిరగలేదు.

"వద్దండీ," అన్నాడు మళ్ళీ.

సన్యాసిరావు చేతులు వేలాడేశాడు. "ఏటండీ మాస్టారూ ఇది! పొద్దున్న దీని మీంచి చెయ్యి తియ్యలేదీయన. గంటలో నా బండికి ఏం తగ్గిందండీ?"

"మీ బండికేం తగ్గలేదు," అన్నారు మాస్టారు. "ఈయన కొందామని వచ్చిన సరుకు మీ షెడ్డులో లేదు. ఆ ఇంట్లో దొరుకుతుందనుకున్నాడు. అక్కడా లేదు."

సన్యాసిరావుకి అర్థం కాలేదు. హిమకర్‌కు అర్థమైందని అతని మొహమే చెప్పింది. అప్పుడే అతని జేబులో ఫోను మోగింది. తీసి చూశాడు. నిఖిలేష్. కొన్నావా లేదా అని అడగడానికే అయుంటుంది. ఫోను అరచేతిలో మోగుతూనే ఉంది. హిమకర్ వేలు దాని మీదికి వెళ్ళి ఆగిపోయింది.

"ఏం చెప్పను మాస్టారూ?"

మాస్టారు కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు.

"ముందు ఎత్తు నాయనా. అతనింకా నువ్వు తనవాడివనే అనుకుంటున్నాడు."