జాజు గుర్తు

లింగప్ప స్వామి దగ్గరికి ప్రశ్న తీసుకొచ్చినవాళ్లెవరూ కూర్చున్నచోటే జవాబు విని లేచిపోలేదు. ఆయన ముందుగా చెప్పులు వేసుకునేవాడు. "పద, అట్ల పోయొస్తాం" అనేవాడు. ఆదోనిలో ఎక్కడో ఒకచోట ఎవరో తమ పని తాము చేసుకుంటుంటే, శిష్యుణ్ణి తీసుకుపోయి అక్కడ నిలబెట్టి, తాను వక్కాకు నములుతూ ఊరుకునేవాడు. ముప్పై ఏళ్లు జిన్నింగు మిల్లులో పత్తి బేళ్లతో కుస్తీ పట్టి, ఆ తరువాత తత్వాలు పాడుతూ నలుగురికి గురువైన మనిషి. ఆయనకు వాదించడం చేతకాదని గిట్టనివాళ్లు అనేవాళ్లు. ఆ మాట తన చెవిన పడితే నిజమేనని ఒప్పుకునేవాడు కూడా.

ఆ రోజు పొద్దున ఆయన ఇంకా ముఖమైనా తుడుచుకోకముందే హంపమ్మ వచ్చి వాకిట్లో నిలబడింది. బస్టాండు పక్కన ఉగ్గాని, బజ్జీల అంగడి ఆమెది. పదిహేనేళ్లుగా స్వామికి శిష్యురాలు. ఆరు నెలల కిందట రొమ్ములో క్యాన్సరు గడ్డ బయటపడినప్పటి నుంచి అంగడి చెల్లెలి మీద వదిలేసి, కర్నూలు ఆసుపత్రికి పోయి కీమో మందు ఎక్కించుకుంటోంది. జుట్టంతా రాలిపోతే తలకు గుడ్డ చుట్టుకునేది. ఈ పూట ఆ గుడ్డ కూడా పండగ చీరకు జోడీగా ఎర్రగా వెలిగిపోతోంది. చేతిలో లడ్డూల డబ్బా ఉంది.

"పోయింది స్వామీ. నిమ్మకాయంత ఉన్న గడ్డ, నిన్న స్కానులో ఎంత వెతికినా కనపడల్యా. డాక్టరమ్మ ఆ తెర నా పక్కకు తిప్పి చూపించింది. మందు బాగా పనిచేసిందంట."

స్వామికి సంతోషంతో కళ్లు చెమర్చాయి. తుండుగుడ్డ భుజాన వేసుకుని, ఉన్నపళంగా ఒక లడ్డూ నోట్లో వేసుకుని, రెండోదానికి చేయి చాపాడు. హంపమ్మ డబ్బా మూత పెట్టేసింది.

"ఉండు స్వామీ, అసలు మాట ఇంకా చెప్పల్యా. గడ్డ పోయినా ఆపరేషన్ చేయించుకోవాలంటాది డాక్టరమ్మ. రొమ్మంతా తీయరంట. మందు మొదలుపెట్టకముందే గడ్డలో బియ్యపు గింజంత లోహపు ముక్క గుర్తుకు పెట్టినారు. దాని చుట్టూ కొంచెం కోసి తీసి, పరీక్షకు పంపిస్తారంట. సోమవారం వస్తావా రావా అని ఈ పొద్దు పది గంటలకు ఫోన్ చేస్తారు. నాకైతే పోబుద్ధి కావడంల్యా. లేనిదానికి కత్తి ఏంటికి స్వామీ?"

స్వామి చెప్పులు వేసుకున్నాడు.

దారి పొడుగునా హంపమ్మే మాట్లాడింది. ఆరు నెలలు గోడ పట్టుకుని నడిచిన మనిషి, ఇప్పుడు గురువుగారికంటే నాలుగడుగులు ముందే ఉంది. అంగడికి రంగు వేయిస్తానంది. చెల్లెలు బజ్జీల్లో వాము ఎక్కువ వేసి ఉన్న గిరాకీ కాస్తా చెడగొడుతోందని వాపోయింది. మధ్యలో ఎందుకో చేయి పైట కిందికి పోయి, మునుపు గడ్డ ఉన్నచోట తడిమి చూసుకుని తిరిగొచ్చింది. పొద్దున స్నానం చేసేటప్పుడు మూడుసార్లు తడుముకుంది. ఇది నాలుగోసారి. ఆ సంగతి ఆమె స్వామికి చెప్పలేదు.

స్వామి తాను పనిచేసిన మిల్లులోకే తీసుకుపోయాడు. షెడ్లకు దూరంగా ఖాళీ జాగాలో ఒకే ఒక పత్తి బేలు ఉంది. దాని నడుమ ఒకచోట అరచేతి వెడల్పున జాజుమన్ను పూసిన ఎర్రటి గుర్తు. పక్కనే ఒక చాప, నీళ్ల చెంబు, సద్దిగిన్నె. చాప మీద మౌలాలి మేస్త్రి కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు స్వామి దగ్గర పని నేర్చుకున్నవాడే. ఎదురుగా మిల్లు గుమాస్తా నిలబడి గొంతు చించుకుంటున్నాడు.

సంగతి ఏమంటే, పత్తిలో రాయి వచ్చి మిషన్లో పడితే ఒక్కోసారి నిప్పురవ్వ లేస్తుంది. ఆ రవ్వ పత్తితోపాటు బేలులోకి అణిగిపోతే, లోపల్లోపలే రాజుకుంటుంది. నాలుగు రోజుల కిందట ఈ బేలులోంచి పొగ వచ్చింది. పొగ వచ్చినచోట మౌలాలి ముందు జాజు పూశాడు. ఆ తరువాతే నీళ్లు కొట్టాడు. మరుసటి రోజుకు పొగ ఆగిపోయింది.

"మూడు దినాలాయె, పొగ లేదు, వాసన లేదు. ముట్టుకుంటే చల్లగా ఉండాది. లారీ వచ్చి నిలబడింది," అన్నాడు గుమాస్తా. "దీన్నీ ఆ లారీలో వంద బేళ్లతోపాటు ఎక్కించెయ్. కోసి పాడు చేయాలంటావు ఏంటికి? ఇంటికి కూడా పోకుండా ఇక్కడే కాపురం పెట్టినావు. బేలును ఏమన్నా నిఖా చేసుకున్నావా?"

హంపమ్మ తల ఊపింది. ఊపి ఊరుకోక, "ఆయన చెప్పేది నిజమే కదన్నా. నిప్పు ఆరిపోయింది కదా," అంది.

మౌలాలి ఆమెను ఎగాదిగా చూశాడు. "నాక్కూడా ఆరిపోయిందనే అనిపిస్తాంది అక్కా. అయినా కూర్చుంటే లేచి చూస్తాండా, పడుకుంటే లేచి చూస్తాండా," అని, మాట మధ్యలోనే అరచేయి చాపి జాజు గుర్తు మీద ఆనించి ఒక క్షణం ఉంచాడు. ఆ చేయి వాలిన తీరునే హంపమ్మ చూసింది. అది తన చేయిలాగే ఉంది.

గుమాస్తా గొణుగుతూ పక్కకు తప్పుకున్నాడు. మౌలాలి నాలుగు బకెట్ల నీళ్లు దగ్గర పెట్టించాడు. లోపల నిప్పు కణిక ఉంటే, గాలి తగిలినప్పుడే భగ్గుమంటుందని చెప్పాడు. ఇనుప పట్టీలు ఒక్కొక్కటే కోశాడు. ఒక్కో పట్టీ తెగినప్పుడల్లా బేలు ఉబ్బి, పైకి లేచింది. గుర్తు దగ్గర కొక్కెం వేసి లాగాడు. పైన తెల్లటి పొర, దాని కింద పసుపు, ఇంకా లోపల బొగ్గులా నల్లగా కాలిన పత్తి. హంపమ్మ తాను గుమాస్తా పక్షమన్న సంగతి మరచిపోయింది. ఎప్పుడు ఎత్తిందో ఏమో, ఆమె చేతిలో నిండు బకెట్ ఉంది. లోపల ఏమీ ఉండకూడదని, తన సొంత ఇల్లే అంటుకున్నట్టుగా ఆమె కోరుకుంది.

మౌలాలి నల్లటిదంతా తీసి బండ మీద పరిచాడు. దాని చుట్టూ నాలుగు వేళ్ల మందాన తెల్లటి పత్తి కూడా తీశాడు. "అది మంచి పత్తి," అని గుమాస్తా అరిచినా వినిపించుకోలేదు. మంచిదాన్నీ చెడ్డదాన్నీ పింజలు పింజలుగా విడదీసి, ప్రతి పింజా వేళ్ల మధ్య నలిపి చూశాడు. రెండుసార్లు చూశాడు. ఎక్కడా వెచ్చదనం కూడా లేదు.

మౌలాలి లేచి నడుం విరుచుకుని పెద్దగా నవ్వాడు. "మిగిలిందంతా మంచి సరుకే. మళ్లీ ప్రెస్సులో వేసి లారీ ఎక్కించుకో," అని గుమాస్తాకు చెప్పి, చేతులు కడుక్కున్నాడు. చాప దులిపి, చుట్టి, చంకలో పెట్టుకున్నాడు. సద్దిగిన్నె అందుకుని ఈల వేసుకుంటూ గేటు వైపు నడిచాడు. బేలు వైపు మళ్లీ ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు.

హంపమ్మ బకెట్ దించింది. ఆమె ముఖం కూడా వెలిగిపోతోంది. కానీ అడగాల్సింది అడిగింది. "చూడు స్వామీ, లోపల ఏమీ లేకపాయె. ఊరికే కోసినట్లాయె కదా?"

సంచిలో ఫోన్ మోగింది. కర్నూలు నంబరు. ఫోన్ తీయడానికి చేయి కదిపినప్పుడు గానీ, ఆ చేయి మళ్లీ పైట కిందికి పోయి ఉందని ఆమెకు తెలియలేదు. ఆమె స్వామి వైపు చూసింది.

స్వామి గేటు దాటిపోతున్న మౌలాలిని చూస్తున్నాడు. "నిప్పు ఆరి మూడు దినాలాయె హంపమ్మా," అన్నాడు. "మౌలాలి చాప చుట్టింది ఇప్పుడు."