రెండు కొసల కొవ్వొత్తి

హుస్సేన్ తాత అజ్మీరు యాత్రకు పోతున్నాడని తెలిసినప్పటి నుంచి శిష్యుడు లాలప్పకు ఒకటే దిగులు. దర్గాకు వచ్చినవాళ్ల కష్టసుఖాలు వింటూ తాత కూర్చునే ఆ చాప, తాత తిరిగొచ్చేదాకా ఎవరిది? తనకిస్తే సరే. లేకపోతే ఇన్నేళ్లు దర్గా ఊడ్చిందంతా చెత్తలోకే.

తనలో కొరతేమిటో ఎంత వెతుక్కున్నా లాలప్పకు దొరకలేదు. ఉర్దూ వచ్చు. తెలుగు వచ్చు. ఇంగ్లీషు సామెతల పుస్తకం సగం వచ్చు. మిగతా సగం ఎలుకలకు వచ్చు.

ఆ పొద్దున సుంకన్న, అతని పెళ్లాం ఉరుకుందమ్మ పోట్లాడుకుంటూ వచ్చారు. మిరప కలిసొచ్చిన ఏడాది. మొగుడు ట్రాక్టరుకని పెద్ద స్పీకర్లు కొన్నాడు. ట్రాక్టరు లేదు. పెళ్లాం డైనింగు టేబులు కొన్నది. ఇంటిల్లిపాదీ దాని పక్కనే నేల మీద కూర్చుని తింటారు.

"దుబారా నీదంటే నీదని కొట్టుకుంటాండాం. నువ్వే చెప్పు తాతా" అన్నది ఉరుకుందమ్మ.

తాత చాప మీద నుంచి పక్కకు జరిగాడు. "లాలప్పా, ఈరోజు నువ్వు చెప్పు."

లాలప్ప చాపెక్కి గొంతు సవరించుకున్నాడు.

"ఇంగ్లీషువాళ్లకొక మాటుంది. కొవ్వొత్తిని రెండు కొసలా వెలిగించడమని. అసలిది ఫ్రెంచివాళ్లది. కొవ్వొత్తులు ఖరీదైన కాలం కదా, ఆస్తిని అటూ ఇటూ తగలేసేవాళ్లను అట్లా అనేవాళ్లు. ఇప్పుడేమో అర్థం మారింది. రాత్రనక పగలనక ఒళ్లు హూనం చేసుకునేవాణ్ణి అంటున్నారు. ఎందుకు మారిందంటే..."

"రెండు పక్కలా ముట్టిస్తే వెలుతురు రెండింతలు కదా సామీ?" అన్నాడు సుంకన్న. "మంచిదేగా!"

"అయితే ఇద్దరం చేసిందీ మంచిదే!" అన్నది ఉరుకుందమ్మ. పొద్దుట్నుంచి కుదరని రాజీ ఆ క్షణాన కుదిరింది. "టేబులుకు కుర్చీలు కూడా తెచ్చుకుందాం పా."

లాలప్ప రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "కాదమ్మా, అసలు ఫ్రెంచిలో..."

తాత గూట్లోంచి పొట్టి కొవ్వొత్తి తీశాడు. అడుగున గీకి వత్తి బయటికి లాగాడు. రెండు కొసలా ముట్టించి, అడ్డంగా లాలప్ప చేతిలో పెట్టాడు.

"ఊఁ, చెప్పు నాయనా. తొందరేం లేదు."

కింద పెడదామంటే నిలబెట్టే కొస లేదు. మైనం ఇటు లుంగీ మీద, అటు చాప మీద బొట్లు బొట్లుగా పడుతోంది. లాలప్ప ఫ్రెంచివాళ్లను దాటి ఇంగ్లీషువాళ్ల దగ్గరికి చేరేసరికి మంటలు రెండూ వేళ్ల దగ్గరికి చేరాయి.

"ఇద్దరూ తగలేస్తే పట్టుకోను చోటుండదు!" అని అరిచి, అటొకసారి ఇటొకసారి ఉఫ్‌మని ఊదాడు.

ఉరుకుందమ్మ అతని చేతిలోని ముక్కను చూసింది. తర్వాత మొగుణ్ణి చూసింది.

"నువ్వు స్పీకర్లు వాపసిచ్చెయ్. నేను టేబులిచ్చేస్తా."

సుంకన్న సరేనని లేచాడు. గడప దాటబోతూ, "ఇంత చిన్న మాటకు మమ్మల్ని అన్ని దేశాలు తిప్పినావేంది సామీ?" అన్నాడు.

వాళ్లు వెళ్లాక లాలప్ప కాలిన వేళ్లు నోట్లోంచి తీసి, మెల్లగా అడిగాడు.

"తాతా, చాప...?"

"నువ్వే కూర్చో" అన్నాడు తాత. "నోరు తెరిచే ముందు మాత్రం, చేతిలో కొవ్వొత్తి ఒకటి ముట్టించుకో."